టూరిస్టు వీసా మీద వెళ్ళి వార్త రాయమని పిల్లలకి చెప్పకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో జర్నలిజం చదువుకునే పిల్లల కోసం ఈమధ్య వేసిన పేజీలో, విదేశాలకి వెళ్ళి రిపోర్టింగ్ చెయ్యడం ఎలా అన్న వ్యాసం చదివాను. చాలావరకు బాగుంది, భాష నేర్చుకోమనడం, లోకల్ పేపర్లు చదవమనడం, ఇవన్నీ మంచి మాటలే. కానీ మధ్యలో ఒకచోట వీసా పెద్ద విషయం కాదు, ముందు టూరిస్టు వీసా మీద వెళ్ళిపోండి, స్టోరీ చేతిలో పడితే మిగతావి అవే సర్దుకుంటాయి అన్న అర్థం వచ్చేలా రాశారు. అది చదివి చాలా బాధేసింది అండి. నేను కొన్నేళ్ళు ఇంటర్నేషనల్ డెస్క్ మీద పనిచేశాను, తర్వాత బయట దేశంలో ఉంటూ ఫ్రీలాన్స్‌గా రాశాను, ఈ వీసాల వల్ల మనుషులు ఏమైపోతారో దగ్గర్నుంచి చూశాను కాబట్టి ఆ ఒక్క మాట సరిచెయ్యమని అడగడానికే ఇది రాస్తున్నాను.

ముందు రూల్స్ సంగతి. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. అమెరికా అయితే విదేశీ మీడియా వాళ్ళకి విడిగా ఐ వీసా అని ఉంది, మామూలు విజిటర్ వీసా మీద వెళ్ళి రిపోర్టింగ్ చెయ్యకూడదు, వీసా అక్కర్లేకుండా ఎస్టా అనే ఆన్‌లైన్ అనుమతి మీద వెళ్ళే దేశాల జర్నలిస్టులకి కూడా ఇదే రూలు. చాలామందికి తెలియనిది ఏంటంటే, ఒక కాన్ఫరెన్సుకి విజిటర్ వీసా మీద వెళ్ళి వినచ్చు, మాట్లాడచ్చు, కానీ దాని మీద వార్త రాయకూడదు, అక్కడున్నప్పుడే కాదు తిరిగొచ్చాక కూడా. బ్రిటన్ దీనికి పూర్తిగా వేరు, బయటి దేశం పత్రిక కోసమో ఛానల్ కోసమో సమాచారం సేకరించడానికి వచ్చే జర్నలిస్టుని, కెమెరామన్‌ని మామూలు విజిటర్‌గానే రానిస్తారు, అది రూల్స్‌లోనే రాసి ఉంది. కొరియాలో కొద్దిరోజుల కవరేజికి సీ-1, అక్కడే ఉండి పనిచేసే వాళ్ళకి డీ-5. థాయిలాండ్‌లో ఎం వీసా. జపాన్‌లో జర్నలిస్టు అనే పేరుతోనే ఒక స్టేటస్ ఉంది, కాకపోతే విదేశీ మీడియా సంస్థతో కాంట్రాక్టు ఉండాలి. చైనాలో జే-1, జే-2, నూట ఎనభై రోజులు దాటి ఉండేవాళ్ళకి మొదటిది, అంతకంటే తక్కువకి రెండోది. జే-1 మీద దిగాక ముప్ఫై రోజుల్లోపు రెసిడెన్స్ పర్మిట్‌కి అప్లై చెయ్యాలి. మన దేశానికి వచ్చే విదేశీ జర్నలిస్టుకి కూడా జే వీసానే. అంటే బ్రిటన్‌లో తప్పు కాని పని అమెరికాలో తప్పు, అది తెలియని పిల్లాడు రెండు చోట్లా ఒకేలా చేసి ఒకచోట ఇరుక్కుంటాడు. వీసా గురించి రాసేటప్పుడు ఈ తేడా చెప్పకుండా వెళ్ళిపోండి అంటే ఎలా అండి.

టూరిస్టు వీసా మీద వెళ్ళి పట్టుబడితే ఏమవుతుంది, మహా అయితే వెనక్కి పంపిస్తారు అనుకుంటారు. పంపించేస్తే అదృష్టమే. పాస్‌పోర్ట్ మీద రిఫ్యూజల్ పడితే తర్వాత ఏ దేశం ఫారం నింపినా మీకు ఎప్పుడైనా వీసా నిరాకరించారా, ఎక్కడినుంచైనా పంపించేశారా అనే ప్రశ్న దగ్గర ఆగిపోవాలి, అబద్ధం చెప్తే ఇంకో తప్పు, నిజం చెప్తే ఇంకో ఇంటర్వ్యూ. ఇంకా మొహమాటం లేకుండా చెప్పాలంటే అసలు నష్టం మనకి కాదు. మనకి దారి చూపించి మనుషుల్ని కలిపిన లోకల్ మనిషి (ఫిక్సర్ అంటాం), కారు నడిపిన డ్రైవర్, ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడిన మనిషి, వాళ్ళంతా అక్కడే ఉంటారు. మనం ఫ్లైట్ ఎక్కేశాక పోలీసులు వాళ్ళ ఇంటికే వెళ్తారు. మనం జర్నలిస్టులమని ఆ ప్రభుత్వానికి చెప్పలేదు కాబట్టి, దొంగచాటుగా వచ్చిన విదేశీయుడికి సాయం చేశారు అనే కేసు వాళ్ళమీద పెట్టడం చాలా తేలిక. నేను పనిచేసిన రోజుల్లో తోటి ఫ్రీలాన్సర్ ఒకరు ఇలాగే వెళ్ళి మంచి స్టోరీ చేశారు, పేరొచ్చింది, ఆయనకి ఏమీ కాలేదు. ఆయనకి ట్రాన్స్‌లేషన్ చేసిన కుర్రాడు మాత్రం చాలాకాలం స్టేషన్ చుట్టూ తిరిగాడు. ఆ కుర్రాడి గురించి ఎవరూ వార్త రాయలేదు.

అక్రిడిటేషన్, అంటే జర్నలిస్టు అని ఇచ్చే అధికారిక గుర్తింపు, ఉంటే అంతా సేఫ్ అని కూడా నేను అనట్లేదు. వాల్ స్ట్రీట్ జర్నల్ రిపోర్టర్ ఎవాన్ గెర్ష్‌కోవిచ్‌కి రష్యా విదేశాంగ శాఖే అక్రిడిటేషన్ ఇచ్చింది. అయినా 2023 మార్చిలో యెకతెరిన్‌బర్గ్‌లో గూఢచారి అని అరెస్ట్ చేశారు, 2024 జులైలో పదహారేళ్ళ శిక్ష వేశారు, ఆ ఆగస్టు 1న ఖైదీల మార్పిడిలో బయటపడ్డాడు. కానీ ఒక్కటి గమనించండి, ఆయన జర్నలిస్టే, మీరే కార్డు ఇచ్చారు కదా అని ఆయన పేపరు, ఆయన దేశం, ప్రపంచంలో ఉన్న జర్నలిస్టు సంఘాలన్నీ గట్టిగా అడగగలిగాయి. అదే టూరిస్టు వీసా మీద దొరికి ఉంటే? నువ్వు టూరిస్టువి, నీకు ఇక్కడ ఏం పని అన్న మొదటి ప్రశ్నకే జవాబు ఉండేది కాదు. వీసా కాగితం మనిషిని కాపాడుతుందో లేదో తర్వాత సంగతి, ఆయన తరఫున మాట్లాడేవాళ్ళకి నిలబడే చోటు మాత్రం ఇస్తుంది.

మరి పిల్లలు టూరిస్టు వీసా వైపు ఎందుకు పోతారంటే అసలు దారి అంత కష్టంగా ఉంది కాబట్టి. దాని గురించి కూడా మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. జర్నలిస్టు వీసాకి అప్లై చేస్తే ఎంబసీ మొదట అడిగేది నిన్ను ఎవరు పంపిస్తున్నారు అని. స్టాఫ్ రిపోర్టర్‌కి ఆఫీసు లెటర్ ఇస్తుంది. ఫ్రీలాన్సర్‌కి ఎవరిస్తారు? అమెరికా ఐ వీసాకి ఫ్రీలాన్సర్ అయినా సరే ఒక మీడియా సంస్థతో కాంట్రాక్టు చూపించాలి. చైనాకైతే వాళ్ళ విదేశాంగ శాఖలో ఇన్ఫర్మేషన్ డిపార్ట్‌మెంట్ నుంచి ముందు క్లియరెన్స్ రావాలి. కొన్ని దేశాల్లో ఏం రాస్తావు, ఎవరిని కలుస్తావు, ఏ ఊళ్ళు తిరుగుతావు అని ముందే ప్రోగ్రాం రాసిమ్మంటారు. వెళ్ళకముందే ఎవరు ఏం మాట్లాడతారో మనకెలా తెలుస్తుంది? తెలిస్తే వెళ్ళడం ఎందుకు?

సోషల్ మీడియా సంగతి ఇంకోటి. 2019 నుంచి అమెరికా వీసా ఫారంలో గత ఐదేళ్ళలో వాడిన సోషల్ మీడియా అకౌంట్ల పేర్లు ఇవ్వాలి. మామూలు మనిషికి అది పెద్ద విషయం కాకపోవచ్చు, జర్నలిస్టుకి మాత్రం ఆ అకౌంట్ల ద్వారానే సోర్సులు దొరుకుతారు, మాట్లాడతారు. అదే 2019లో ఇంకో విషయం బయటపడింది, మెక్సికో సరిహద్దు దగ్గర వలస వచ్చేవాళ్ళ గుంపుని కవర్ చేసిన జర్నలిస్టుల పేర్లతో అమెరికా బోర్డర్ అధికారులు ఒక లిస్టు పెట్టుకున్నారని, వాళ్ళలో కొందర్ని ఆపి ప్రశ్నించారని శాన్‌డియాగోలో ఒక టీవీ స్టేషన్ బయటపెట్టింది. ప్రెస్ ఫ్రీడం గురించి అందరికంటే ఎక్కువ మాట్లాడే దేశంలోనే ఇలా ఉంటే మిగతా చోట్ల ఎలా ఉంటుందో ఆలోచించుకోవచ్చు.

డబ్బు సంగతి చెప్పాలంటే నౌరు కంటే ఘోరం ఎక్కడా చూడలేదు. పసిఫిక్‌లో చిన్న దీవి, ఆస్ట్రేలియా తనదగ్గరికి పడవల్లో వచ్చిన శరణార్థుల్ని అక్కడే ఉంచేది. 2014లో ఆ దేశం జర్నలిస్టు వీసా ఫీజుని 200 ఆస్ట్రేలియన్ డాలర్ల నుంచి ఒకేసారి 8,000 చేసింది, వీసా ఇవ్వకపోయినా ఆ డబ్బు తిరిగి ఇవ్వరు. రావద్దు అని నోటితో చెప్పకుండా రేటుతో చెప్పడం అది. ఆ క్యాంపుల్లో ఏం జరుగుతుందో చూడాలనుకున్న ఏ చిన్న పేపరు అంత డబ్బు పణంగా పెడుతుంది చెప్పండి. కెమెరాలు, మైకులు వెంట తీసుకెళ్ళేవాళ్ళకి కస్టమ్స్ గొడవ వేరే ఉంటుంది, దానికి ఏటీఏ కార్నే అనే పేపర్ ఉంది, ఏడాది చెల్లుతుంది, సామాను తాత్కాలికంగా తెచ్చి మళ్ళీ తీసుకెళ్ళిపోతాం అని చూపించడానికి. అది కూడా పిల్లలకి చెప్పాల్సిన విషయమే, వీసా ఉన్నా కెమెరా ఎయిర్‌పోర్టులో ఆగిపోతే లాభం లేదు. కొన్ని దేశాల్లో శాటిలైట్ ఫోను దగ్గర ఉంటేనే నేరం, అందులో మన దేశం కూడా ఒకటి, పర్మిషన్ లేకుండా తేకూడదు.

ఇవన్నీ ఒక ఎత్తు, రెన్యువల్ ఒక్కటీ ఒక ఎత్తు. మొదటిసారి వీసా వచ్చేటప్పుడు మనిషికి పోయేది పెద్దగా ఏమీ ఉండదు, రాకపోతే ఇంకో స్టోరీ చేసుకుంటాడు. అక్కడికి వెళ్ళి ఇల్లు తీసుకుని, పిల్లల్ని స్కూల్లో వేసి, భాష నేర్చుకుని, నలుగురు నమ్మే స్థితికి వచ్చాక రెన్యువల్ ఆగితే మొత్తం పోతుంది. ఆ సంగతి ప్రభుత్వాలకి బాగా తెలుసు. అందుకే ఎక్కువ కాలానికి ఇచ్చే వీసాలు తగ్గించి చిన్న చిన్న ముక్కలుగా ఇస్తున్నారు. రష్యాలో పాశ్చాత్య దేశాల జర్నలిస్టులకి ఒకప్పుడు ఏడాది ఇచ్చేవాళ్ళు, 2022లో యుద్ధం మొదలయ్యాక మూడు నెలలకి దించారు. చైనాలో కొందరికి ఒకటి రెండు నెలల పర్మిట్లు ఇచ్చిన రోజులున్నాయి. అమెరికా కూడా 2020లో చైనా జర్నలిస్టులకి తొంభై రోజుల లిమిట్ పెట్టింది, అప్పటిదాకా ఐ వీసా మీద వెళ్ళినవాళ్ళు ఆ ఉద్యోగంలో ఉన్నంతకాలం ఉండగలిగేవాళ్ళు. 2025 ఆగస్టులో అయితే అన్ని దేశాల జర్నలిస్టులకీ 240 రోజులు, చైనావాళ్ళకి తొంభై, ఆపైన ఎక్స్‌టెన్షన్ అడుక్కోవాలి అని ప్రతిపాదన పెట్టింది.

మూడు నెలలకోసారి రెన్యువల్ అంటే ఏంటో బయట ఉన్నవాళ్ళకి అర్థం కాదు. మొదటి నెల పాత కాగితాల అలసట తీరదు, మూడో నెల కొత్త కాగితాల పని మొదలవుతుంది, మధ్యలో మిగిలిన నెలలోనే నిజంగా పని చేస్తాం. ఆ మూడో నెలలో ఒక పెద్ద స్టోరీ చేతిలో ఉందనుకోండి, ఎవరూ ఫోన్ చేసి ఆపమనరు, ఎవరూ బెదిరించరు, మనమే వచ్చే నెల వేద్దాంలే అనుకుంటాం. వచ్చే నెలకి దాని వేడి పోతుంది. నాకు తెలిసిన చాలామంది మంచి రిపోర్టర్లు, ధైర్యం ఉన్నవాళ్ళే, ఇంట్లో పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఆగుదాం అని స్టోరీలు పక్కన పెట్టారు. వాళ్ళని తప్పు పట్టలేను. అచ్చయిన దాన్ని కొట్టేస్తే సెన్సార్ అని నలుగురికీ కనిపిస్తుంది, రాయకుండా ఆగిపోయినదాన్ని ఎవరు లెక్కపెడతారండీ? చదివేవాళ్ళకి ఆ స్టోరీ ఉందనే తెలియదు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

కారణం చెప్పకపోవడం ఇంకో హింస. 2018లో హాంకాంగ్‌లో ఫైనాన్షియల్ టైమ్స్ ఆసియా న్యూస్ ఎడిటర్ విక్టర్ మాలెట్‌కి వర్క్ వీసా రెన్యువల్ చెయ్యలేదు. అంతకుముందు ఆగస్టులో అక్కడి విదేశీ జర్నలిస్టుల క్లబ్బులో స్వాతంత్ర్యం కోరే పార్టీ నాయకుడితో ఒక మీటింగ్ జరిగితే ఆయన దానికి అధ్యక్షత వహించారు. దానికే చేశారని అందరూ అనుకున్నారు, ప్రభుత్వం మాత్రం ఎందుకో చెప్పలేదు. చెప్పకపోతే వచ్చే లాభం ఏంటంటే మిగతా వాళ్ళంతా ఎక్కడ గీత ఉందో తెలియక ఇంకా రెండడుగులు వెనక్కి జరిగి నిలబడతారు.

మన దగ్గర జరిగేవి కూడా చెప్పాలి, ఇతరుల గురించి రాసి మన సంగతి వదిలేస్తే న్యాయం కాదు. 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ కార్డు (మన మూలాలున్న, లేదా ఇక్కడివాళ్ళని పెళ్ళి చేసుకున్న విదేశీయులకి ఇచ్చేది) ఉన్నవాళ్ళు ఇక్కడ జర్నలిజం చెయ్యాలంటే ప్రత్యేకంగా పర్మిషన్ తీసుకోవాలి. 2024లో ఫ్రెంచ్ జర్నలిస్టు వనెస్సా డోన్యాక్ ఇరవై ఏళ్ళకి పైగా ఇక్కడ ఉండి వెళ్ళిపోవాల్సి వచ్చింది, ఆ జూన్‌లో పదమూడేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్న సెబాస్టియన్ ఫార్సిస్ పర్మిషన్ రాక వెళ్ళిపోయారు, ఇద్దరూ ఇక్కడివాళ్ళని పెళ్ళి చేసుకున్నవాళ్ళే. ఆస్ట్రేలియా ఏబీసీ రిపోర్టర్ అవని డయాస్ ఏప్రిల్‌లో వీసా ఎక్స్‌టెన్షన్ ఇబ్బందుల వల్ల వెళ్ళిపోతున్నానని చెప్పారు, ఆ మాట సరికాదని ప్రభుత్వ వర్గాలు అన్నాయి. ఏ వివాదంలో ఎవరిది ఎంత నిజమో నేను తేల్చను. కానీ ఇరవై ఏళ్ళు ఉన్న మనిషికైనా, కొత్తగా వచ్చిన మనిషికైనా, వద్దనేటప్పుడు రాతపూర్వకంగా స్పష్టమైన కారణం ఇచ్చి, దాని మీద అప్పీలు చేసుకునే దారి చూపించి ఉంటే ఇంత చర్చ ఉండేది కాదు కదా.

ఇక దేశాల మధ్య గొడవల్లో జర్నలిస్టుల వీసాలు ఎలా వాడుకుంటారో చూస్తే మనసు పాడైపోతుంది. 2020 ఫిబ్రవరిలో చైనా ముగ్గురు వాల్ స్ట్రీట్ జర్నల్ రిపోర్టర్లని పంపించేసింది, మార్చిలో అమెరికా చైనా ప్రభుత్వ మీడియా స్టాఫ్‌ని నూరు మందికి తగ్గించింది, ఆ నెలలోనే చైనా న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్, వాల్ స్ట్రీట్ జర్నల్ అమెరికన్ రిపోర్టర్ల కార్డులు వెనక్కి తీసుకుంది. కరోనా అప్పుడే పుట్టి పాకుతోంది, ప్రపంచానికి చైనాలోపల కళ్ళు కావాల్సిన నెల అది, సరిగ్గా ఆ నెలలోనే ఖాళీ చేయించారు. 2023లో మనకీ చైనాకీ మధ్య అదే జరిగింది. ఏడాది మొదట్లో అక్కడ మన జర్నలిస్టులు నలుగురే ఉండేవాళ్ళు, ఏప్రిల్‌లో ఇద్దరి వీసాలు ఫ్రీజ్ చేశారు, తర్వాత మిగతావాళ్ళు కూడా బయటికి రావాల్సి వచ్చింది, మనం కూడా ఇక్కడున్న చైనా జర్నలిస్టుల వీసాలు రెన్యువల్ చెయ్యలేదు. రెండు దేశాలూ కలిపి రెండు వందల ఎనభై కోట్ల మంది, ఒకరి గురించి ఒకరికి చెప్పేవాళ్ళు లేకుండా పోయారు. పాకిస్తాన్‌తో కూడా అంతే, ఇస్లామాబాద్‌లో మన మీడియా తరఫున ఇద్దరు ఉండేవాళ్ళు, వాళ్ళ వీసా కూడా ఆ ఒక్క ఊరికే, ఊరు దాటాలంటే పర్మిషన్, 2014 మేలో ఆ ఇద్దర్నీ వారంలో వెళ్ళిపొమ్మన్నారు.

దీనివల్ల మన పాఠకుడికి ఏం పోయిందో మీ పేపర్లోనే కనిపిస్తుంది ఎడిటర్ గారూ. బీజింగ్ నుంచి వచ్చే వార్త మనం లండన్ ఏజెన్సీ రాసింది అనువాదం చేసి వేస్తాం. లండన్ వాళ్ళకి కావాల్సిన చైనా వేరు, మనకి కావాల్సిన చైనా వేరు. మన మందుల కంపెనీలకి ముడిసరుకు అక్కడినుంచి వస్తుంది, మన పిల్లలు అక్కడ మెడిసిన్ చదువుతారు, సరిహద్దు మనది, నది నీళ్ళు మనవి. ఆ ప్రశ్నలు అక్కడ నిలబడి అడిగే మనిషి మనవాడు కావాలి. 2025 జనవరిలో రెండు దేశాలూ మీడియా రాకపోకలు పెంచాలని అనుకున్నాయి, మంచిదే, కానీ గొడవ వచ్చినప్పుడు పీకేసి, సర్దుకున్నప్పుడు ఇచ్చే వీసాతో ఎవరు నిలకడగా పనిచేస్తారు? గొడవ ఉన్నప్పుడే కదా జర్నలిస్టు ఎక్కువ అవసరం.

ఇది ఇలాగే ఉంటుంది, ఏ దేశం ఎవర్ని రానివ్వాలో దాని ఇష్టం అని కొందరు అంటారు. రానివ్వడం దేశాల హక్కే, కాదనను. కానీ ఇంతకంటే మెరుగ్గా ఉండచ్చని దేశాలే ఒప్పుకుని సంతకాలు పెట్టిన సందర్భాలు ఉన్నాయి. 1975 ఆగస్టు 1న హెల్సింకీలో 35 దేశాలు, అమెరికా, సోవియట్ యూనియన్ రెండూ కలిపి, ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాయి. జర్నలిస్టుల వీసా అప్లికేషన్లని సానుకూలంగా, తగిన టైంలో చూడాలి, అక్కడే ఉండి పనిచేసే అక్రిడిటేషన్ ఉన్నవాళ్ళకి మల్టిపుల్ ఎంట్రీ ఇవ్వాలి, వృత్తి పని చేసినందుకు ఎవర్నీ పంపించెయ్యకూడదు, పంపితే కారణం చెప్పాలి, మళ్ళీ చూడమని అడిగే అవకాశం ఇవ్వాలి అని అందులో ఉంది. కోల్డ్ వార్ నడుస్తుండగా, ఒకరిమీద ఒకరు అణుబాంబులు గురిపెట్టుకుని కూర్చున్న రోజుల్లో ఒప్పుకున్న మాటలివి. చట్టంలా బంధించే ఒప్పందం కాదు, చాలాసార్లు తప్పారు కూడా, అయినా తప్పినప్పుడు ఇదిగో నీ సంతకం అని చూపించడానికి ఒక కాగితం ఉంది. మన ఆసియాలో అలాంటి కాగితం ఒక్కటైనా ఉందా? సార్క్ దేశాల మధ్య వీసా లేకుండా తిరిగే స్టిక్కర్ పథకం ఒకటి పెట్టుకుని అందులో జర్నలిస్టుల్ని కూడా చేర్చారు, ఎంత మంచి ఆలోచన, అది కూడా గొడవలు రాగానే మనకీ పాకిస్తాన్‌కీ మధ్య పక్కకి పోయింది.

ఐక్యరాజ్యసమితి విషయంలో 1947లోనే అమెరికా ఒప్పుకుంది, యూఎన్ అక్రిడిటేషన్ ఉన్న జర్నలిస్టుల్ని న్యూయార్క్ ఆఫీసుకి రాకుండా అడ్డుకోకూడదు, వీసా కావాలంటే ఫీజు లేకుండా, వీలైనంత తొందరగా ఇవ్వాలని. ఒలింపిక్స్ చూడండి, ఒలింపిక్ చార్టర్ ప్రకారం అక్రిడిటేషన్ కార్డు, పాస్‌పోర్టు ఉంటే ఆటలు జరిగే దేశంలోకి రానివ్వాలి, ఆటలకి ముందు ఒక నెల, తర్వాత ఒక నెల దాకా ఉండి పనిచేసుకోవచ్చు. అంటే పరుగుపందెం కవర్ చెయ్యడానికి కార్డే వీసా అవుతుంది. ఏ దేశమైనా ఒలింపిక్స్ కావాలంటే ఈ షరతు ఒప్పుకుని తీరాలి, అన్నీ ఒప్పుకుంటున్నాయి. క్రికెట్‌కి అంత గట్టి రూలు లేదు కాబట్టే 2023 వరల్డ్ కప్‌కి మన దేశం రావాల్సిన పాకిస్తాన్ జర్నలిస్టులు వాళ్ళ టీం మ్యాచ్‌లు మొదలైనా వీసా కోసం ఎదురుచూస్తూ ఉండిపోయారు. కావాలనుకుంటే చెయ్యగలరు, అడిగేవాడు గట్టిగా ఉంటే చేస్తారు అని చెప్పడానికే ఇదంతా. ఆటలకి ఒప్పుకున్నది ఎన్నికలకి, వరదలకి, భూకంపాలకి ఎందుకు ఒప్పుకోకూడదు?

వీసా ఉన్నా గేటు తెరవని చోట్లు కూడా ఉన్నాయి. 2023 అక్టోబర్‌లో యుద్ధం మొదలయ్యాక గాజాలోకి విదేశీ జర్నలిస్టుల్ని ఇజ్రాయెల్ సొంతంగా వెళ్ళనివ్వలేదు, దాని సైన్యం వెంట తీసుకెళ్ళి చూపించినదే చూడాల్సి వచ్చింది. జెరూసలేంలో ఉన్న విదేశీ జర్నలిస్టుల సంఘం కోర్టుకి వెళ్తే 2024 జనవరిలో కొట్టేశారు. ఆ బరువంతా అక్కడ పుట్టి పెరిగిన జర్నలిస్టుల మీదే పడింది, ఎంతమంది ప్రాణాలు పోయాయో మీరే రోజూ వేస్తున్నారు.

ఇంత రాసి మిమ్మల్ని అడిగేది మాత్రం మీ చేతిలో ఉన్న పని. హెల్సింకీ లాంటి ఒప్పందం మీరు నేను రాయలేం, లెటర్ అడుగుతూ ఎంబసీ చేసే ఫోన్ మాత్రం మీ ఆఫీసుకే వస్తుంది. మన భాషలో రాసే ఫ్రీలాన్సర్లకి జర్నలిస్టు వీసా రాకపోవడానికి నేను చూసిన పెద్ద కారణం ఎంబసీ కాదు, మన పత్రికలు అసైన్‌మెంట్ లెటర్ ఇవ్వకపోవడం. స్టోరీ పంపు, బాగుంటే వేస్తాం అంటారు, లెటర్ అడిగితే రేపు ఏదైనా అయితే బాధ్యత మామీద పడుతుంది అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. అయితే బాధ్యత వద్దు, స్టోరీ కావాలి అంటే దానర్థం ఆ కుర్రాడిని లేదా ఆ అమ్మాయిని టూరిస్టు వీసా మీద పంపడమే, మీ వ్యాసంలో రాసిన సలహా కూడా అక్కడినుంచే వచ్చిందని నా అనుమానం.

కాబట్టి ఎడిటర్ గారూ, ముందు ఆ వాక్యానికి సవరణ వెయ్యండి, ఏ దేశానికి వెళ్తుంటే ఆ దేశం ఎంబసీ వెబ్‌సైట్‌లో మీడియా వీసా రూలు చూసి, దానికే అప్లై చెయ్యమని పిల్లలకి చెప్పండి. రెండోది, మీరు స్టోరీ ఒప్పుకున్న ఫ్రీలాన్సర్‌కి లెటర్‌హెడ్ మీద, పేరు, పాస్‌పోర్ట్ నంబర్, వెళ్ళే తేదీలు, చేసే పని, డబ్బు ఎవరిస్తున్నారో రాసి సంతకం పెట్టి ఇవ్వండి. అందులో ఒక ఫోన్ నంబర్ ఉండాలి, డెస్క్‌లో నైట్ షిఫ్ట్ వాళ్ళకి కూడా ఆ పేరు తెలిసి ఉండాలి, ఎందుకంటే ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర నుంచో, ఎంబసీ నుంచో ఫోన్ వచ్చేది మన ఆఫీసు టైం చూసుకుని కాదు. ఆ ఫోన్ ఎత్తి, అవునండీ మా మనిషే, మేమే పంపించాం అని చెప్పేవాళ్ళు ఒకరు ఉంటే చాలు, మిగతా కష్టం ఆ పిల్లలు పడతారు.

ఇట్లు,
మీ పత్రిక పాత పాఠకుల్లో ఒకరు